బండి లాగేటప్పుడు సరిగ్గా ఉందా?

జీపు ఎత్తు పెంచడం ఒక పూట పని. పెరిగిన ఎత్తుకు మిగతా బండిని ఒప్పించడానికే రోజులు పడతాయి. ఈ రెండో పని చేయకుండా రోడ్డెక్కేవాళ్లే ఎక్కువ. బండి విషయంలోనే కాదు, ఉద్యోగంలో, అప్పులో, పెళ్లిలో కూడా.

హొసూరు దగ్గర బేరిగై, బాగలూరు, శూలగిరి పక్క పాత మహీంద్రా జీపులకు, జిప్సీలకు కొదవ లేదు. నిన్నటిదాకా తోటలోంచి టమాటా క్రేట్లు మోసిన బండి ఇవాళ కొడుకు చేతికి వస్తుంది. వాడు వీడియోలు చూస్తాడు. కమాన్ కట్టల కొసల్లో పొడవాటి షాకిళ్లు వేయిస్తాడు, కట్టల్లో ఇంకో పట్టీ చేర్పిస్తాడు, పెద్ద టైర్లు తొడుగుతాడు. బండి నాలుగు అంగుళాలు లేచి నిలబడుతుంది. ఆదివారం ఊరంతా తిరిగి చూస్తుంది. సోమవారం హొసూరు దాటి హైవే ఎక్కి అరవై అందుకోగానే సీటు కింద గుర్రుమని వణుకు మొదలవుతుంది. తొంభైకి వెళ్తే అద్దంలో వెనక లారీ కూడా కనిపించదు, అద్దమే వణుకుతోంది మరి.

ఇక్కడే మనిషి గుణం బయటపడుతుంది. చాలామంది వెంటనే జేబులో చెయ్యి పెడతారు. చక్రాలకు బలం చేర్చే షాఫ్టు కొసల్లోని క్రాసులు మార్పిస్తారు, వణుకు పోదు. వీల్ బ్యాలెన్సింగ్, అయినా పోదు. ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు, తర్వాత షాఫ్టునే విప్పి లేతు దగ్గరికి. చివరికి పాత బండి ఇంతేలే అని సర్దుకుంటారు. ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: వణుకు రాకముందు బండిలో ఏం మారింది? ఎత్తు మారింది. క్రాసు అరగలేదు, టైరు చెడలేదు. ఎత్తు పెరిగినందుకు షాఫ్టు వాలు మారింది, దాన్ని ఎవరూ కొలవలేదు.

కాబట్టి మొదటి సలహా: బాధ మొదలైన తేదీ రాయండి. ఆ తేదీకి ముందు వారంలో మీరు మార్చినవన్నీ దాని పక్కన రాయండి. డిటెక్టివు బుర్ర అక్కర్లేదు, కాగితం చాలు.

రెండోది, విడగొట్టి చూడటం. బండిని అరవైలో ఉంచి గేరు మార్చండి. ఇంజన్ చప్పుడు మారినా వణుకు మారకపోతే తప్పు ఇంజన్‌లో లేదు. గేర్‌బాక్సు దాటిన తర్వాత షాఫ్టు తిరిగే వేగం చక్రాలను బట్టే ఉంటుంది, గేరును బట్టి కాదు. కాబట్టి దోషం గేర్‌బాక్సు వెనక ఎక్కడో ఉంది. ఇప్పుడు యాక్సిలరేటర్ తొక్కి చూడండి, వదిలి చూడండి. తొక్కితే పెరిగి వదిలితే తగ్గుతోందంటే టైర్లను కాసేపు పక్కన పెట్టి షాఫ్టు కోణాలవైపు వెళ్లండి. పైసా ఖర్చు కాని పరీక్ష ఇది, అందుకే కాబోలు ఎవరూ చేయరు.

హొసూరు సిప్‌కాట్ పారిశ్రామికవాడలో పనిచేసే కుర్రాళ్లు చాలామంది "ఈ కంపెనీ వద్దన్నా, మారిపోతా" అంటుంటారు. వాళ్లకూ ఇదే పరీక్ష. సెలవు పెట్టి వారం ఇంట్లో ఉండండి. ఆ వారంలో కూడా అదే చిరాకు, అదే నిద్రలేమి ఉన్నాయా? ఉంటే కంపెనీ మారినా అవి మీ వెంటే వస్తాయి. అప్పు కావచ్చు, ఆరోగ్యం కావచ్చు, ఇంట్లో తెగని మాట కావచ్చు. సెలవులో చిరాకు పోయి, గేటు కనపడగానే తిరిగొచ్చిందా? అప్పుడు మారండి, ఎవరు వద్దన్నా మారండి.

ఇక కోణాల సంగతి. రైతులకు ఇది చెప్పనక్కర్లేదు. ట్రాక్టరుకు రోటవేటర్ తగిలించి, దాన్ని తిప్పే పీటీఓ తిరుగుతుండగానే మలుపులో రోటవేటర్ పైకెత్తితే షాఫ్టు టకటకా కొట్టుకుంటుంది. అందుకే తెలిసినవాళ్లు ఎత్తేముందు పీటీఓ ఆపుతారు. ఆ కొట్టుకోవడానికి కారణమే జీపు కింద వణుక్కీ కారణం.

షాఫ్టు కొసలోని క్రాసుకు, అంటే క్రాస్ జాయింటుకు, ఒక పుట్టుగుణం ఉంది. వంకరగా నిలబడి తిరిగితే, ఇటువైపు ఎంత నిలకడగా తిప్పినా అటువైపు ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పెంచి, రెండుసార్లు తగ్గిస్తుంది. 16వ శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరు దానికి అతుక్కుంది. 17వ శతాబ్దంలో రాబర్ట్ హుక్ దాని నడకను వివరించాడు. 1903లో క్లారెన్స్ స్పైసర్ మోటారు బండికి పనికొచ్చేలా దాన్ని తీర్చి అమెరికాలో పేటెంటు పొందాడు. ఇన్ని శతాబ్దాల్లో ఎవరూ ఆ పుట్టుగుణాన్ని పోగొట్టలేకపోయారు. మూడు డిగ్రీల వంకరలో ఆ హెచ్చుతగ్గు ఇటు 0.14 శాతం, అటు 0.14 శాతం. పట్టించుకోనక్కర్లేదు. ఎనిమిది డిగ్రీల్లో అది ఒక శాతం. ఇరవై డిగ్రీల్లో ఆరు శాతం. వంకర ఏడు రెట్లు కూడా పెరగలేదు, కుదుపు మాత్రం నలభై రెట్లు దాటింది. కొంచెం ఎత్తు పెంచితే కొంచెమే తేడా వస్తుందనుకునేవాళ్లు ఈ అంకెల దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. 31 అంగుళాల టైరు, వెనక డిఫరెన్షియల్ హౌసింగులో నాలుగుకు ఒకటి నిష్పత్తి ఉన్న బండి ఎనభైలో వెళ్తుంటే షాఫ్టు నిమిషానికి దాదాపు 2,150 చుట్లు తిరుగుతుంది. చుట్టుకు రెండు కుదుపులు. అంటే సెకనుకు డెబ్బైకి పైగా. సీటు కింద గుర్రు అదే.

మరి కంపెనీ నుంచి వచ్చిన బండిలో ఎందుకు వణకదు? షాఫ్టుకు రెండో చివర ఇంకో క్రాసు ఉంది కాబట్టి. మొదటి క్రాసు పెంచినప్పుడు రెండోది తగ్గిస్తుంది, మొదటిది తగ్గించినప్పుడు రెండోది పెంచుతుంది. చక్రానికి చేరేసరికి వేగం మళ్లీ నిలకడ. కానీ షరతులున్నాయి. రెండు చివర్ల వంకరా సమానంగా ఉండాలి. షాఫ్టు రెండు కొసల్లో క్రాసులను పట్టి ఉంచే యోకులు ఒకే వరుసలో ఉండాలి. షాఫ్టు రెండు ముక్కలు కలిసే పళ్ల అతుకు, అంటే స్ప్లైన్ దగ్గర విప్పి ఒక్క పన్ను అటూఇటూగా తొడిగితే కోణాలు ఎంత సమానంగా ఉన్నా వణుకు తప్పదు.

అందుకే మంచి మేస్త్రీ షాఫ్టు విప్పేముందు సుత్తి పట్టడు, సుద్దముక్క పడతాడు. రెండు ముక్కల మీదుగా ఒక గీత గీస్తాడు. తిరిగి కలిపేటప్పుడు గీత గీతకు కలవాలి. మీ దినచర్య మార్చాలనుకున్నా, దుకాణంలో లెక్కల పద్ధతి మార్చాలనుకున్నా ముందు ఉన్నదాన్ని ఉన్నట్టు రాసిపెట్టుకోండి. ఏ టైముకు లేచేవారు, ఏ రోజు ఎవరికి డబ్బు కట్టేవారు, ఎవరితో ఏ మాట అనుకున్నారు, అన్నీ. కొత్తది కుదరకపోతే పాతదానికి వెనక్కి వెళ్లడానికి గీత ఉండాలి కదా. "అన్నీ గుర్తున్నాయి" అనేవాడు షాఫ్టు మూడుసార్లు విప్పుతాడు.

కొలవడం ఎలాగో చూద్దాం, ఇక్కడ తొందర పనికిరాదు. బండిని చదునైన సిమెంటు నేల మీద నిలపండి. నాలుగు టైర్లలో గాలి సరిచూడండి. రోజూ ఎంత బరువుతో తిరుగుతారో అంత బరువు పెట్టండి, కూర్చునే మనుషులతో సహా. జాకీ మీద ఎత్తి, హౌసింగు వేలాడుతుండగా కొలిస్తే వచ్చే అంకె ఆ బండిది కాదు. వైరు బ్రష్షుతో యోకుల మీది మట్టి, గ్రీజు గీకేయండి. అయస్కాంతం ఉన్న యాంగిల్ మీటరు హార్డ్‌వేర్ కొట్లో దొరుకుతుంది. తాపీ మేస్త్రీల రసమట్టం చేసే పనినే అది అంకెల్లో చెబుతుంది. మూడు చోట్ల పెట్టాలి: గేర్‌బాక్సు వెనకుండే ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి వచ్చే యోకు మీద, షాఫ్టు గొట్టం మీద, హౌసింగులోకి వెళ్లే పినియన్ యోకు మీద.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ట్రాన్స్‌ఫర్ కేసు ఇరుసు వెనక్కి మూడు డిగ్రీలు వాలి ఉంది. షాఫ్టు పదకొండు వాలింది. ముందు క్రాసు వంకర, పదకొండులో మూడు పోతే, ఎనిమిది. వెనక పినియన్ ఇరుసు ఆరు చూపిస్తోంది. వెనక క్రాసు వంకర ఐదు. ఎనిమిదికి ఐదుకు మూడు డిగ్రీల తేడా. ఒకటి పెంచినంతా రెండోది తగ్గించలేకపోతోంది. పినియన్ ఎందుకు ఆరుకు వెళ్లింది? వెనక కమాన్ కట్టల షాకిల్ పొడవు పెంచారు కదా, కట్ట వెనక కొస కిందికి దిగింది, దానితోపాటు హౌసింగు తిరిగి పినియన్ మూతి పైకి లేచింది. ఎత్తు కోసం చేసిన పని చెప్పాపెట్టకుండా కోణాన్ని కూడా మార్చింది. ఇలాంటివి ఇళ్లల్లో ఎన్ని జరుగుతాయో లెక్కలేదు. జీతం పెరిగిందని పట్నంలో ఇల్లు తీసుకుంటారు, అమ్మానాన్నల మందుల సంగతి ఎవరు చూడాలన్నది ఆర్నెల్ల తర్వాత గొడవగా బయటికొస్తుంది.

విరుగుడు చిన్నదే. కమాన్ కట్టకు, హౌసింగు మీద అది కూర్చునే ప్లేటుకు మధ్య వాలుగా కోసిన ఇనుప ముక్క, షిమ్ అంటారు, పెట్టి యూ బోల్టులు బిగిస్తారు. మూడు డిగ్రీల షిమ్ వేస్తే పినియన్ ఆరు నుంచి మూడుకు దిగుతుంది. వెనక వంకర ఎనిమిది, ముందు వంకర ఎనిమిది. లెక్క కుదిరింది. కొత్త మేస్త్రీ ఇక్కడ చేతులు కడుక్కుంటాడు.

పాత మేస్త్రీ కడుక్కోడు. ఇంకో డిగ్రీ, రెండు డిగ్రీలు పినియన్ మూతిని కిందికి దించుతాడు. నిలబడ్డ బండి మీద చూస్తే అది తప్పు అంకె. కారణం ఏమిటంటే, యాక్సిలరేటర్ తొక్కగానే చక్రాలను తిప్పే బలానికి ఎదురుగా హౌసింగు వెనక్కి తిరగబోతుంది. కమాన్ కట్ట కాస్త మెలికపడుతుంది. పినియన్ మూతి పైకి లేస్తుంది. ముందే దించి ఉంచిన ఆ ఒకటి రెండు డిగ్రీలు అప్పుడు ఖర్చవుతాయి. బండి లాగుతున్నప్పుడు కోణం సరిగ్గా వచ్చి కూర్చుంటుంది. షెడ్డులో ఒప్పుగా ఉన్న అంకె ఘాట్‌లో తప్పవుతుంది. షెడ్డులో తప్పుగా కనిపించే అంకె ఘాట్‌లో ఒప్పవుతుంది.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదల్లా ఈ ఒకటి రెండు డిగ్రీల గురించే.

మనం ప్రణాళికలన్నీ నిలబడి ఉన్నప్పుడు వేస్తాం. జనవరి ఒకటిన, పండగ సెలవుల్లో, బోనస్ పడ్డ రాత్రి. ఆ పూట మన మీద బరువు లేదు. పరీక్షకు రోజుకు మూడు గంటలు చదువుతానని రాసుకునే ఐటీఐ కుర్రాడికి ఆ వారం పగటి షిఫ్టు. రాత్రి షిఫ్టు వారం రాగానే మూడు గంటలు కాస్తా సున్నా అవుతుంది. ఆ సున్నా చూసి తనకు పట్టుదల లేదనుకుంటాడు. పట్టుదల ఉంది నాయనా, కోణమే తప్పు. రాత్రి షిఫ్టు ముగించుకుని, కంపెనీ బస్సు దిగి, కళ్లు మండుతుండగా ఎంతసేపు చదవగలవో అదే నీ లెక్క. ఇరవై నిమిషాలా? ఇరవై నిమిషాలే రాసుకో. పగటి షిఫ్టు వారంలో అది నీకు చాలా తక్కువగా, సిగ్గుగా కూడా అనిపిస్తుంది. అనిపించనీ.

డబ్బు దగ్గర ఇది మరీ పచ్చిగా కనిపిస్తుంది. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటింది. కాయ చేతిలో ఉన్నవాళ్లు ఆ నెలలో కొత్త బండ్లకు, ట్రాక్టర్లకు అడ్వాన్సు ఇవ్వాలనుకుంటే తప్పు పట్టలేం. కానీ వాయిదా నెలనెలా కట్టాలి, ధర నెలనెలా అలా ఉండదు. కోత కూలి కూడా గిట్టక కాయను చేలోనే వదిలేసిన సీజన్లు బేరిగై రైతుకు ఎవరూ గుర్తుచేయనక్కర్లేదు. వాయిదా ఎంతుండాలో నిర్ణయించాల్సింది ఆ సీజను అంకెతో. బ్యాంకు ఇస్తానన్నంత తీసుకోవడం నిలబడ్డప్పటి లెక్క. కాయ పారబోసిన నెలలో కట్టగలిగినంత తీసుకోవడం లాగేటప్పటి లెక్క. షోరూములో కుర్రాడు "ఇంకొంచెం పెంచుకోండి సార్, పెద్ద మోడల్ వస్తుంది" అంటాడు. అది వాడి ఉద్యోగం, వాడి మీద కోపం వద్దు.

మాట ఇవ్వడం కూడా అంతే. సంతోషంలో ఒప్పుకున్న పని, పని ఒత్తిడిలో ఉన్నప్పుడు చేయగలరా అని ఒక్కసారి ఊహించుకుని అప్పుడు "సరే" అనండి. పది రోజుల్లో ఇస్తానని పదిహేనుకు ఇచ్చేవాడికంటే, పన్నెండని చెప్పి పదకొండుకు ఇచ్చేవాడికే మళ్లీ పని దొరుకుతుంది.

కోణాన్ని పూర్తిగా సున్నా చేసేస్తే గొడవే ఉండదు కదా అని కొందరడుగుతారు. ఉంటుంది. క్రాసు గిన్నెల్లో సూదుల్లాంటి సన్న బేరింగులుంటాయి. వంకర అసలే లేకపోతే అవి దొర్లవు. ఒకేచోట నిలబడి దెబ్బలు తింటూ అక్కడే గాడి పెడతాయి. అందుకే కనీసం అర డిగ్రీ, ఒక డిగ్రీ వంకర ఉంచుతారు. భాగస్వాములిద్దరూ ప్రతిదానికీ ఔనంటే ఔననుకునే వ్యాపారాల మీద నాకు అనుమానం. ఒకరు ఖర్చుకు తొందరపడితే ఇంకొకరు ఆపాలి, ఒకరు భయపడితే ఇంకొకరు ముందుకు నెట్టాలి. రెండో క్రాసు చేసేది అదే. ఇద్దరూ ఒకేసారి తొందరపడే జంటను మాత్రం దేవుడే కాపాడాలి.

మన ఉదాహరణలో చిక్కు ఇంకా తీరలేదు. ఎనిమిదీ ఎనిమిదీ సమానమే, చక్రానికి వేగం నిలకడగానే చేరుతుంది. కానీ రెండు క్రాసుల నడుమ ఉన్న షాఫ్టు మాత్రం ఇంకా వేగం పెంచుకుంటూ తగ్గించుకుంటూనే ఉంది. కొండ దారిలో ఇరవైలో వెళ్తే తెలియదు, హైవేలో తెలుస్తుంది. హైవే వేగానికి ఒక్కో క్రాసు వంకర మూడు డిగ్రీల లోపుంటే సుఖం. అంత ఎత్తే కావాలంటే ట్రాన్స్‌ఫర్ కేసు దగ్గర జంట క్రాసులున్న షాఫ్టు వేయించాలి. అది వేస్తే లెక్కంతా తలకిందులవుతుంది. కుదుపును ఆ జంటే తనలో తాను సరిచేసుకుంటుంది కాబట్టి, వెనక క్రాసుకు వంకర దాదాపు ఉండకూడదు. పినియన్‌ను దించడం కాదు, షాఫ్టు వైపు చూసేలా పైకి లేపాలి. అక్కడా లాగేటప్పుడు లేచే ఒకటి రెండు డిగ్రీలు తగ్గించే పెట్టాలి. మరీ లేపితే పినియన్ ముందు బేరింగుకు ఆయిల్ అందదు, అదో కొత్త ఖర్చు.

గమనించారా? రెండు బండ్లు, ఒకే ఎత్తు, ఒకే వణుకు. ఒకదానికి మూతి దించడం వైద్యం, రెండోదానికి లేపడం వైద్యం. "మా ఫ్రెండు ఇలాగే చేశాడు, పోయింది" అన్న మాట నమ్మి షిమ్ తిరగేసి వేసినవాడికి వణుకు రెట్టింపవుతుంది. సలహా తీసుకునేముందు చెప్పేవాడి బండి కిందికి వంగి చూడాలి, వాడి షాఫ్టు ఏ రకమో. తెల్లవారుజామున నాలుక్కి లేచి బాగుపడ్డానని చెప్పే పెద్దమనిషి రాత్రి తొమ్మిదికి పడుకుంటాడు. మీరు రాత్రి షిఫ్టు దిగేది ఆరింటికి.

ఇంకో దారి కూడా ఉంది, ఎవరికీ నచ్చదు: రెండు అంగుళాలు దించేయడం. షాఫ్టు వాలు తగ్గుతుంది, వంకరలు తగ్గుతాయి, ఖర్చు తగ్గుతుంది. ఊళ్లో నలుగురు నవ్వుతారు, వారంలో మర్చిపోతారు. మీ అవసరం చిన్నారు ఏటి పక్క బాట, తోట గట్టు అయితే నాలుగు అంగుళాలు ఎవరికోసం?

చట్టం మాటా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపురేఖలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఇంజన్‌కు, షాసీకి చేయి పెట్టేముందు ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్సు వాళ్ల దగ్గర రాతపూర్వకంగా అడగండి. అడవిలోకి మాత్రం వద్దే వద్దు. హొసూరు చుట్టూ ఏనుగులు తిరిగే దారులున్నాయి, అవి మీ లిఫ్ట్ కిట్ చూసి దారివ్వవు.

షిమ్ వేశాక పని అయిపోయిందనుకోకండి. కొత్త కమాన్ కట్టలు కొన్ని వారాల్లో కుంగుతాయి, కోణాలు మళ్లీ జరుగుతాయి. యూ బోల్టులు కూడా కాస్త వదులవుతాయి. మూడు అంకెలూ, తేదీ, ఆ రోజు బండిలో ఎంత బరువుందో కాగితం మీద రాసి డాష్‌బోర్డు అరలో పెట్టండి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక బోల్టులు బిగించి, అదే నేల మీద, అదే బరువుతో మళ్లీ కొలవండి. కాగితం వెనక పక్క ఖాళీగా ఉంటుంది. అప్పు వాయిదా, చదువు నిమిషాలు, ఇచ్చిన మాటలు అక్కడ రాసుకోవచ్చు. వాటిని మళ్లీ చూసుకునే రోజుగా సెలవు రోజును మాత్రం పెట్టుకోకండి. రాత్రి షిఫ్టు వారంలో మూడో రోజు, లేదా మార్కెట్లో ధర పడిపోయిన రోజు చూడండి.